పిడుగు మాట మరవొద్దు

సంపాదకులకు నమస్కారం.

గ్రీకు విషాద నాటకాల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఈస్కిలస్ రాసిన ‘ఒరెస్టియా’ నాటకత్రయంలో చివరికి హింస ఓడి మాట గెలిచిందన్నారు వ్యాసకర్త. ఈ నాటకాలను ఏళ్ల తరబడి తరగతిలో చెప్పినదాన్ని, నేను ఒప్పుకోలేను.

మొదటి నాటకం చూడండి. ట్రాయ్ గెలిచి వచ్చిన గ్రీకు రాజు అగమెమ్నాన్ కాళ్ల ముందు అతని భార్య క్లైటెమ్నెస్ట్రా ఖరీదైన ఎర్రటి వస్త్రాలు పరిపిస్తుంది. అది దేవతలకు చేసే మర్యాద, నాకొద్దంటాడు. ఆమె గొంతు పెంచదు. ఓడిన ట్రాయ్ రాజు ప్రియామ్ గెలిచి ఉంటే ఏం చేసేవాడని అడుగుతుంది. గెలిచినవాడు ఒకసారి తగ్గినా అందమేనంటుంది. అంతే, చెప్పులు విప్పించుకుని నడుస్తాడు. కాసేపటికి లోపలి నుంచి కేక. వలలాంటి వస్త్రం చుట్టి చంపానని ఆమే చెబుతుంది. ఆ హత్య గుమ్మంలో, మాటతోనే మొదలైంది. ఒప్పించే దేవత పీతోను వినాశం కన్న బిడ్డగా కోరస్ (నాటకంలోని గాయక బృందం) అంతకుముందే పాడింది కూడా.

రెండో నాటకంలో కొడుకు ఒరెస్టీస్ తండ్రి హత్యకు ప్రతీకారంగా తల్లిని చంపుతాడు. మూడో నాటకంలో ఏథెన్స్‌లోని అరియోపాగస్ సభ అతన్ని విచారిస్తుంది. ఓట్లు సమానమై అతను విడుదలయ్యాక, ఏథెన్స్ నేల మీద విషం చిమ్ముతామని ప్రతీకార దేవతలు లేస్తారు. ఆ నగర దేవత ఎథీనా బుజ్జగిస్తూనే ఒక మాట అంటుంది: దేవతల రాజు జ్యూస్ పిడుగు దాచిన గది తాళాల సంగతి దేవతల్లో తనకొక్కదానికే తెలుసట, కానీ ఇప్పుడు దాంతో పనిలేదట. ఇది బెదిరింపు కాదా? వ్యాసంలో దీని ప్రస్తావనే లేదు.

అయినా ఆ ఇద్దరి మాటా ఒకటే అనను. క్లైటెమ్నెస్ట్రా వల దాచింది, ఎథీనా పిడుగును దాచలేదు. పైగా ప్రతీకార దేవతలు కాదనగలిగారు. పాడిన పాటే అక్షరం మారకుండా మళ్లీ పాడారు. ఎథీనా విసుక్కోలేదు. మాకేం స్థానమిస్తావు, ఎల్లకాలానికీ హామీ ఇస్తావా అని అడిగి, జవాబు విన్నాకే మెత్తబడ్డారు.

ఇది క్రీ.పూ. 458 నాటి ప్రదర్శన. అంతకు కొద్దేళ్ల ముందే ఏథెన్స్‌లో నిజంగానే ఉన్న ఆ అరియోపాగస్ సభ అధికారాలు తగ్గించిన నాయకుడు ఎఫియాల్టీస్‌ను హత్య చేశారు. ఆనాటి ప్రేక్షకులకు ఆ పిడుగు వట్టి అలంకారంగా వినిపించి ఉంటుందని నేననుకోను.

ఈ నాటకాలను కుదించి ఆడదలచిన దర్శకులకు నా మనవి ఒక్కటే: ఆ పిడుగు వాక్యాన్నీ, కోరస్‌గా ఆ ప్రతీకార దేవతలు రెండోసారి పాడే పాటనూ దయచేసి కత్తిరించకండి.

— ఒక విశ్రాంత అధ్యాపకురాలు