నిద్ర ముంచుకొస్తున్నా ఈ వందనాలు రాయాలి

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మావారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేశారు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి గానీ, ఇది రాయకుండా పడుకోలేను.

అత్తగారు, అన్నయ్య, వదిన, పిల్లలు ఇల్లంతా చూసుకున్నారు. వాళ్లకు వేరే చెప్పేదేముంది. పాస్టరు గారు, సంఘస్థులు ప్రార్థన విడవలేదు. దేవునికి స్తోత్రం. నేను రాయాలని కూర్చున్నది మాత్రం ఐసీయూ బయట వరండాలో కలిసిన ఒక పెద్దావిడ గురించి.

ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ ముదిరి మావారిని వెంటిలేటర్ మీద పెట్టిన రాత్రి అది. నా ఫోను నిండా ఒకటే వచనం. బైబిల్లో ఫిలిప్పీ సంఘానికి పౌలు రాసిన ఉత్తరం, అదే ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, 4వ అధ్యాయం, 4వ వచనం: ఎల్లప్పుడూ ప్రభువునందు ఆనందించండి. కొందరు పూలతో పంపారు, కొందరు సూర్యోదయంతో. ప్రేమతోనే పంపారు, కాదనను. కానీ అది వచ్చిన ప్రతిసారీ విశ్వాసంలో నాకొక మార్కు తగ్గుతున్నట్టు ఉండేది. ఫోను బోర్లించి పెట్టేశాను.

పక్కన నేల మీద కూర్చున్న ఆవిడ అది గమనించారు. ఆవిడ కుమారుడూ లోపలే ఉన్నాడు. "అందరూ నాలుగో అధ్యాయమే పంపుతారు తల్లీ, రెండోది ఎవరూ పంపరు" అంటూ సంచిలోంచి బైబిలు తీశారు. అక్కడ ఎపఫ్రొదితు సంగతి ఉంది. చెరసాల బంధకాల్లో ఉన్న పౌలుకు ఫిలిప్పీ సంఘం పంపిన సాయం తెచ్చిన మనిషి. జబ్బుపడి చావుదాకా వెళ్లాడు. దేవుడు అతణ్ణి కనికరించాడనీ, దుఃఖం మీద దుఃఖం కలగకుండా తననూ కనికరించాడనీ పౌలు రాసుకున్నాడు. ఆనందించమని చెప్పినవాడికీ దుఃఖం ఉంది, అదీ అదే పత్రికలో! ఆ పేజీని పూల బొమ్మలతో ఎవరు పంపుతారు?

తర్వాత హబక్కూకు ప్రవక్త గ్రంథం 3వ అధ్యాయం తీశారు. అంజూరపు చెట్లు పూయలేదు, ద్రాక్షలు కాయలేదు, ఒలీవ పంట లేదు, పొలం పండలేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, శాలలో పశువులు లేవు. "చూశావా, లేనివన్నీ లెక్కపెట్టాకే ఆయన ఆనందిస్తానన్నాడు. నువ్వూ లెక్కపెట్టు" అన్నారు.

మొదలుపెట్టాను. మావారి గొంతు వినపడదు. నాకు నిద్ర లేదు. సెలవులు అయిపోయాయి. దాచుకున్న డబ్బూ అయిపోయింది. ప్రార్థన చేద్దామంటే మాట రాదు. చివరికి, గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లో ఎడమది కూడా లేదని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "హబక్కూకు చెప్పుల మాట ఎత్తలేదే" అన్నారు.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా కాపలా మనిషి వచ్చి చూసిపోయాడు. నవ్వుతూ నవ్వుతూ ఆవిడ భుజం మీద పడి ఏడ్చేశాను. లోపల యంత్రం అలాగే నడుస్తోంది, డాక్టర్లు మంచి కబురేమీ చెప్పలేదు. అయినా గుండె తేలికపడింది. దాన్ని నేను ఆనందమనే అంటాను. ఆయన కళ్లు తెరవకముందే వచ్చింది కాబట్టి, స్వస్థత కలగకపోయినా ఆ సాక్ష్యం నా దగ్గర ఉండేది. ఇది రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి గానీ, నిజం.

మేము బయలుదేరేటప్పటికి ఆవిడ కుమారుడు ఇంకా లోపలే ఉన్నాడు. పేరు రాయవద్దన్నారు. దయచేసి ఆ బిడ్డ కోసం ప్రార్థించండి.

ఒక్క విషయం మాత్రం అనకుండా ఉండలేను. ఇంటికి వెళ్లవచ్చని డాక్టరు పొద్దున్నే చెప్పారు, బీమా అనుమతి వచ్చేసరికి చీకటి పడింది. ఒక కౌంటరులో ఇంకో కాగితం తెమ్మంటారు. ఆ కాగితం ఇచ్చేవాళ్లు ముందు ఈ కౌంటరు సంతకం కావాలంటారు. రోగి తాలూకు వాళ్లు రాత్రంతా కాపు కాయాలి గానీ వరండాలో కూర్చోవడానికి ఒక్క బల్ల ఉండదు. నర్సులను ఏమీ అనను, ఇద్దరి పని ఒక్కరి చేత చేయిస్తున్నారు.

అన్నట్టు ఆ నర్సమ్మలకు వందనాలు, ముఖ్యంగా నా గొంతు రికార్డు చేయించి ఆయన చెవి దగ్గర వినిపించిన అమ్మాయికి. చార్జరు ఇచ్చి మళ్లీ అడగని అబ్బాయికి కూడా. ఆఫీసులో నా పని నెత్తిన వేసుకున్న స్నేహితురాలిని మరిచేపోయాను, క్షమించు. సండే స్కూలు పిల్లలూ, మీరు గీసిన బొమ్మ అందింది. మీసం ఎందుకు పెట్టలేదని అంకుల్ అడుగుతున్నారు.

ఇంకా ఎవరినైనా వదిలేస్తే ఫోను చేసి తిట్టండి. నేను నిద్రపోతుంటే ఆయన ఎత్తుతారు, గొంతు తిరిగి వచ్చిన దగ్గర నుంచి ఆయనకు మాట్లాడడమే పని.