భూమి పాఠం చెప్పడానికి వజ్రకరూరు చాలదా?

సంపాదకుడికి,

మా అమ్మాయి పరీక్ష కోసం భూమి పొరల పాఠం బట్టీ పడుతుంటే విన్నాను. పైన భూపటలం, దాని కింద భూప్రావారం, నడిమధ్యన కేంద్ర మండలం. నడిమధ్యకు 6,371 కిలోమీటర్లు, అందులో 2,900 దాకా భూప్రావారం. అంకెలన్నీ గడగడా అప్పజెప్పింది. "ఆ భూప్రావారం నుంచి వచ్చిందేమైనా మన జిల్లాలో ఉందా?" అని అడిగితే మాత్రం బిక్కమొహం వేసింది. మాది గుత్తి. వజ్రకరూరుకు రెండు గంటల ప్రయాణం కూడా లేదు.

తొలకరి పడగానే వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం నడుం వంచి వజ్రాలు వెతుకుతుంటారు. చేలు తొక్కేస్తున్నారని రైతులు మొత్తుకోవడం, ఎవరికో రాయి దొరికిందని పేపర్లో రావడం ఏటా ఉన్నదే. ధర గురించి మాట్లాడినంతగా అది ఎక్కడ పుట్టిందో ఎవరూ మాట్లాడరు. వజ్రం పుట్టేది 150 కిలోమీటర్లు, అంతకంటే లోతున, భూప్రావారంలో. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట కింబర్లైట్ అనే శిలాద్రవం నేలను చీల్చుకుని పైకి ఎగదన్నినప్పుడు వజ్రకరూరు దగ్గర అది పైకొచ్చింది. వానకు పైమట్టి కొట్టుకుపోతే కంటబడుతుంది, అంతే.

150 కిలోమీటర్లంటే ఎంతో మన బోర్లతో చూసుకోండి. వెయ్యి అడుగులు వేసినా చుక్క నీరు పడని పొలాలు మా వైపు ఉన్నాయి. వెయ్యి అడుగులంటే 300 మీటర్లే. మనిషి తవ్విన అతి లోతైన బోరు రష్యాలోని కోలాలో ఉంది, 12,262 మీటర్లు. అదీ భూపటలంలో మూడో వంతు దగ్గరే ఆగిపోయింది.

పుస్తకంలో భూప్రావారానికి ఎర్ర రంగు పూస్తారు. దాంతో అదంతా మరిగే లావా అని పిల్లలు అనుకుంటారు, నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. నిజానికి అది దాదాపు అంతా గట్టి రాయే. విపరీతమైన వేడికి లక్షల ఏళ్ల మీద మెల్లగా సాగుతుంది, దాని పైన భూమి పైపొర తాలూకు పెద్ద పెద్ద పలకలు కదులుతుంటాయి. మన దేశం ఉన్న పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతోంది. మా నాయనకు ఎనభై ఏళ్లు. ఆయన పుట్టినప్పటి నుంచి మా ఇల్లు నాలుగు మీటర్లు జరిగిందన్నమాట, సర్వే రాళ్లతో సహా, పక్కింటివాళ్లతో తగాదా లేకుండా! దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట ఈ పలక వెళ్లి ఆసియాను గుద్దుకోబట్టే హిమాలయాలు లేచాయి.

ఇంట్లో మేం నడిచే నాపబండ కూడా ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నదే. బెలుం గుహలు ఏర్పడిందీ అలాంటి సున్నపురాయిలోనే.

మొన్న మా అమ్మాయి బడివాళ్లు ఎక్స్‌కర్షన్ అని డబ్బు కట్టించుకుని వాటర్ పార్కుకు తీసుకెళ్లారు. పిల్ల బాగా ఆడుకుంది, దాని మీద నాకు కోపం లేదు. కానీ ఈ పాఠం చెప్పే ఏడాది ఒక్క రోజైనా వజ్రకరూరుకో, బెలుంకో తీసుకెళ్లాలని విద్యాశాఖ అధికారులు బడులకు చెప్పాలి. మన యూనివర్సిటీల్లో జియాలజీ చదివే విద్యార్థులను తోడు పంపితే టీచర్లకూ భారం తగ్గుతుంది. పంటలు ఇంటికి చేరాక, జనవరిలోనో ఫిబ్రవరిలోనో వెళ్తే రైతులకు ఇబ్బంది ఉండదు. ఎవరికైనా వజ్రం దొరికితే అది పిల్లదా, టీచరుదా అన్నది మాత్రం బస్సెక్కే ముందే తేల్చుకోవాలి.

– ఒక తండ్రి, గుత్తి, అనంతపురం జిల్లా