ఇకపై మా దగ్గర జెయింట్ కుందేళ్లు ఉండవు

మా దగ్గర మాంసం తీసుకునేవాళ్లకీ, పెంపకానికి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకీ ఒక విషయం చెప్పాలి. ఫ్లెమిష్ జెయింట్ కుందేళ్లను పెంచడం ఆపేస్తున్నాం. ఇక నుంచి మాంసానికి న్యూజిలాండ్ వైట్, కాలిఫోర్నియన్, ఈ రెండింటి క్రాస్ మాత్రమే ఉంటాయి.

దీనివల్ల కొన్నాళ్లు మీకు ఇబ్బంది తప్పదు. కొత్తగా తెచ్చిన ఆడ కుందేళ్లకు ఇప్పుడు మూడు నెలల వయసు. అయిదు నెలలు నిండాకే జత కట్టిస్తాం. చూలు 31 రోజులు, పిల్లలు కోతకు రావడానికి ఇంకో పది వారాలు. అంటే దాదాపు ఆరు నెలల పాటు ఇప్పుడు తీసుకుంటున్న ఆర్డర్లలో సగమే తీసుకోగలం. తొందరపడి లేత వయసులోనే ఈనిస్తే తల్లులు చిక్కిపోతాయి. ఆ పని చేయం.

అసలు తప్పు మాది. ఆరు కిలోలు దాటే కుందేలు కాబట్టి మాంసం కూడా ఎక్కువే వస్తుందని నమ్మాం, మీకూ అదే చెప్పి పిల్లల్ని అమ్మాం. కానీ జెయింట్ పిల్లకు ముందు ఎముక పెరుగుతుంది, కండ తర్వాత పడుతుంది. పది వారాలకు చేత్తో ఎత్తితే బరువుగానే ఉంటుంది, కోశాక చూస్తే ఎముకలే ఎక్కువ. కండ పట్టేదాకా ఆగుదామంటే దాణా ఖర్చు పెరుగుతూ పోతుంది. ఈతకు రావడానికి కూడా ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది వాటి కాళ్లు. ఆ బరువుకు వైరు కేజీలో మడమలు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. పుండు పడిన కుందేలు తిండి మానేసి ఓ మూలన ముడుచుకుని కూర్చుంటుంది. పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి అది చూడటం నా వల్ల కాలేదు.

న్యూజిలాండ్ వైట్ పేరుకే న్యూజిలాండ్, తయారైంది అమెరికాలో. పెద్దదయ్యాక నాలుగు నుంచి అయిదు కిలోలు తూగుతుంది. పాదాల కింద బొచ్చు దట్టంగా ఉంటుంది కాబట్టి వైరు నేలను బాగానే తట్టుకుంటుంది. మంచి తల్లి ఈతకు ఎనిమిది, పది పిల్లల్ని పెడుతుంది. పిల్ల పది వారాలకు రెండు కిలోలకు వస్తుంది, అందులో సగానికి కాస్త ఎక్కువే మాంసం. కాలిఫోర్నియన్‌ను 1920ల్లో కాలిఫోర్నియాలో తయారుచేశారు. ఒళ్లంతా తెలుపు, ముక్కు, చెవులు, పాదాలు, తోక నలుపు. న్యూజిలాండ్ కంటే కొంచెం చిన్నదే అయినా నడుము దగ్గర, తొడల్లో కండ గట్టిగా పడుతుంది. అందుకే న్యూజిలాండ్ తల్లికి కాలిఫోర్నియన్ మగదాన్ని కట్టిస్తున్నాం. ఆ క్రాస్ పిల్లల్ని మాంసానికే ఉంచుకోండి. వాటిలో వాటికే మళ్లీ జత కడితే అదే తీరు పిల్లలు వస్తాయని మాత్రం అనుకోవద్దు.

జాతి పేరు చూసి కొనడం సగం పనే. ఒకే జాతిలో ఒక తల్లి ఎనిమిది పిల్లల్ని సాకితే, పక్క కేజీలోది నాలుగే మిగుల్చుతుంది. ఇన్నాళ్లూ ఆ లెక్కలు మేం రాసుకోలేదు. ఇకపై పెంపకానికి ఇచ్చే ప్రతి పిల్లతో పాటు కార్డు ఇస్తాం. దాని తల్లికి ఎన్ని పుట్టాయి, పాలు మాన్పించేనాటికి ఎన్ని మిగిలాయి, పది వారాలకు ఎంత తూగాయి అన్నీ అందులో ఉంటాయి. ఎక్కడ కొన్నా ఈ మూడూ అడగండి. తల్లిదండ్రులు ఎలాంటి వేడిలో పెరిగాయో కూడా అడగండి. 30 డిగ్రీలు దాటిన వేడి అలాగే కొనసాగితే ఏ జాతి మగ కుందేలైనా కొన్ని వారాల పాటు చూలు కట్టించలేకపోవచ్చు.

మా దగ్గర జెయింట్లు కొన్నవాళ్లు టెన్షన్ పడకండి. ముందు కేజీలో ఒక పక్క నున్నటి చెక్క గానీ ప్లాస్టిక్ మ్యాట్ గానీ వేసి, దాన్ని పొడిగా ఉంచండి. జెయింట్ మగదాన్ని చిన్న జాతి ఆడదానితో కలపొద్దు, పిల్లలు పెద్దవై ఈనడం కష్టమవుతుంది. వద్దనుకుంటే తిరిగి తెచ్చివ్వండి, కొత్త ఈత పిల్లలు రాగానే డబ్బు తీసుకోకుండా మార్చి ఇస్తాం. మీరు తెచ్చినవాటిని మా మందలో కలపకుండా విడి షెడ్డులో ఉంచుతాం.

కొందరికి ఒకే ఈతలోని ఆడ, మగ పిల్లల్ని జతగా ఇచ్చాం. అదీ పొరపాటే. వాటిని కట్టించకండి. ఏ నెలలో తీసుకెళ్లారో చెబితే రికార్డు చూసి వేరే తల్లికి పుట్టిన మగ పిల్లను ఇస్తాం.