హాస్యంలో చాటుమాటలు

సంపాదకుల వారికి,

టీవీ హాస్యంలో స్వలింగ ప్రేమ సూచనలను వెతకడం పనిలేనివాళ్ల వ్యవహారమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించలేను. పురుషుల స్వలింగ సంబంధం ఇంగ్లండ్‌లో 1967 దాకా నేరమే అయినా, బీబీసీ రేడియోలో 1965లో మొదలైన 'రౌండ్ ద హార్న్'లో జూలియన్, శాండీ పాత్రలు స్వలింగ ప్రియులు తమలో తాము వాడుకునే 'పొలారీ' మాటలతోనే ఇంటిల్లిపాదినీ నవ్వించాయి. అర్థం తెలిసిన శ్రోతలకు మాత్రం అది తమవారి పలకరింపులా వినిపించి ఉంటుంది. అమెరికాలో 'ఎలెన్' అనే టీవీ హాస్య ధారావాహిక నాయిక 1997 ఏప్రిల్‌లో తన లైంగికతను బయటపెట్టే ముందు, రచయితలు నెలల తరబడి చిలిపి సూచనలు చల్లుతూ వచ్చారు.

మన హైదరాబాద్ స్టూడియోల స్కిట్లలో, పాత సినిమా డైలాగులనూ అగ్రహీరోల హావభావాలనూ చాటుగా గుర్తుచేయడంలో ఎంతో నేర్పు చూపే రచయితలే, చీర కట్టిన మగవాడి దగ్గరికి వచ్చేసరికి నడకను, గొంతును వెక్కిరించి సరిపెట్టుకుంటున్నారు. ఆడవేషం మనకు కొత్తా? కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామకు జేజేలు పలికిన నేల ఇది.

వయోజనుల ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. ట్రాన్స్‌జెండర్లను అనుమానితులుగా చూసిన నిజాం కాలపు చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. కనుక ఛానళ్లు స్వలింగ ప్రియుల, ట్రాన్స్‌జెండర్ల పాత్రలకు, కనీసం ఒక్క ధారావాహికలోనైనా, తామే జోకు వేసే అవకాశం ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్