వయోజన విద్య చెప్పేవాళ్ళకి జీతం ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం,

మా ఊరి డ్వాక్రా మీటింగుల్లో తీర్మానం పుస్తకంలో ఇప్పటికీ వేలిముద్రలు పడుతూనే ఉన్నాయండి, ఎంత అప్పు తీసుకున్నారో ఎంత కట్టారో పక్కనామె చదివి చెప్తే నమ్మడమే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఆడవాళ్ళ అక్షరాస్యత 59 శాతం.

ఇలా చదువు రాని పెద్దవాళ్ళ కోసమే కేంద్రం 2022 నుంచి 2027 దాకా ఉల్లాస్ అని స్కీమ్ పెట్టింది, సంతోషమే, కానీ మొత్తం బడ్జెట్ 1037.90 కోట్లు, చదివించాల్సింది 5 కోట్ల మందిని. మనిషికి ఐదేళ్ళకీ కలిపి దాదాపు 207 రూపాయలు! చదువు చెప్పేది వాలంటీర్లు, వాళ్ళకి జీతం ఉండదు. పొద్దున్నుంచి పని చేసుకునేవాళ్ళు రోజూ రాత్రి వచ్చి ఉచితంగా ఎన్నాళ్ళు చెప్తారు?

అంతకుముందు 2009లో మొదలైన సాక్షర భారత్ అనే వయోజన విద్య స్కీమ్‌లో పంచాయతీకి ఇద్దరు కోఆర్డినేటర్లు ఉండేవాళ్ళు, నెలకి 2000 ఇచ్చేవాళ్ళు, అది కూడా నెలల తరబడి బకాయి పడేది. అయినా సెంటర్ తెరిచేవాళ్ళు. మా వీధిలో ఒక పెద్దమ్మ కూలికెళ్ళొచ్చి, వంట చేసి అందరికీ పెట్టి, పలక పట్టుకుని వెళ్ళేది, గుణింతాలు చక్కగా వచ్చాయి, ఒత్తుల దగ్గరికొచ్చేసరికి 2018 మార్చితో స్కీమే ఆపేశారు. ఇప్పుడు ఆవిడకి బస్సు బోర్డు కూడా కూడబలుక్కోవడం రావట్లేదు. పెద్దవయసులో నేర్చుకున్న అక్షరం రోజూ కళ్ళబడకపోతే నిలవదండి, మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ చదువు ఏం చేస్తుందో మన నెల్లూరు జిల్లానే చూసింది. దూబగుంటలో రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు వాచకంలో పాఠం చదివి, మాట్లాడుకుని, ఊళ్ళో సారా అమ్మనివ్వలేదు. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబర్‌లో రాష్ట్రం సారాని నిషేధించింది. అప్పుడు కలెక్టర్ దగ్గర్నుంచి అందరూ ఈ చదువు మీదే పని చేశారు కాబట్టి అయింది.

2027తో ఉల్లాస్ గడువు అయిపోతుంది. తర్వాత వచ్చే స్కీమ్‌లో పంచాయతీకి కనీసం ఒక్కరికైనా నెలనెలా జీతం పెట్టాలి, పరీక్ష రాయించి సర్టిఫికెట్ ఇచ్చి వదిలేయకుండా ఆ తర్వాత రెండేళ్ళైనా సెంటర్ నడపాలి. కేంద్రం ఇవ్వకపోతే రాష్ట్రమే ఇవ్వాలి. మన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఈ సంగతి ఇప్పుడే అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా