మలేరియా కంటి పాఠం సరిదిద్దినవాళ్లకు కృతజ్ఞతలు

మెదడు మలేరియాతో స్పృహ తప్పిన పిల్లల కంటి అడుగు (కంటి లోపలి వెనుక భాగం) ఎలా చూడాలో మన్యం ఆసుపత్రుల డాక్టర్ల కోసం తెలుగులో రాసిన పాఠం పూర్తయింది. ముసాయిదా చదివి తప్పులు పట్టినవాళ్లు పేర్లు వద్దన్నారు. చేసిన సాయమైనా చెప్పుకోవాలి కదా.

ముందు నర్సులకు. కంటిపాప పెద్దదయ్యేందుకు ట్రోపికమైడ్ చుక్కలు ఎన్నింటికి వేశారో కేస్ షీటు మీద పెద్దక్షరాలతో రాయాలన్నది వాళ్ల మాటే. మేం రాయనే లేదు. అది లేకపోతే రాత్రి డ్యూటీ డాక్టరు టార్చి వేసి, వెలుగుకు కదలని కంటిపాపలు చూసి మెదడు వాపు ముదిరిందనుకుంటారు. అందుకే చుక్కలకు ముందే కంటిపాపల సైజు, కదలిక రాసుకోవాలి. చుక్కలు వేశాక 20–30 నిమిషాలు ఆగాలి.

కంటి డాక్టర్లు పట్టిన తప్పు ఇంకా సూక్ష్మం. పిల్లల రెటీనా, అంటే కంటి వెనుక వెలుగును పట్టే పొర, మామూలుగానే తళతళలాడుతుంది. కొత్తవాళ్లు దాన్నే తెల్లబడటం అనుకుంటారు. లైటు కాస్త జరిపితే తళుకూ జరుగుతుంది. మలేరియా తెలుపు మాత్రం ఉన్నచోటే, ఎక్కువగా మాక్యులా (రెటీనా మధ్యభాగం) నడిమి గుంట చుట్టూ, మసకగా నిలిచి ఉంటుంది. రక్తనాళాలు నారింజగానో తెల్లగానో మారడం రెటీనా అంచుల్లో బాగా తెలుస్తుంది. దానికి చేతి ఆఫ్తాల్మోస్కోపు (కంటి లోపల చూసే పరికరం) చాలదు. తలకు పెట్టుకునే ఇన్‌డైరెక్టు ఆఫ్తాల్మోస్కోపు, 20 డయాప్టర్ల లెన్సు కావాలి. ఫాల్సిపేరం రకం మలేరియా పరాన్నజీవి సోకిన ఎర్రకణాలు సన్ననాళాల గోడలకు అతుక్కుపోతాయి, లోపలి హిమోగ్లోబిన్‌ను పరాన్నజీవి తినేస్తుంది, ఎరుపు పోతుంది. నడుమ తెల్లచుక్కతో రక్తపు మరకలూ ఉండొచ్చు. కంటినరం మొదట్లో వాపు ఉన్నా అది మలేరియాకే ప్రత్యేకం కాదు.

మలావీ అధ్యయనాన్ని చేర్చమని పట్టుబట్టిన పిల్లల డాక్టరుకు ప్రత్యేకంగా. 2004లో వెలువడిన ఆ అధ్యయనంలో మెదడు మలేరియా లక్షణాలతో చనిపోయిన 31 మంది పిల్లలకు శవపరీక్ష చేస్తే, ఏడుగురి చావుకు కారణం వేరే. ఆ తేడా బతికుండగా పట్టిచ్చే గుర్తు రెటీనాయే. రక్తంలో పరాన్నజీవి ఉండి రెటీనా శుభ్రంగా ఉంటే మలేరియా మందు ఆపకూడదు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) లాంటి వేరే కారణమూ వెతకాలి.

ఆఖరుగా, "చూపు పోతుందా?" అన్న ప్రశ్నను పాఠంలోకి తెచ్చిన ఆశా కార్యకర్తలకు. తెలుపు, మరకలు సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. కంటికి వేరే మందు అక్కర్లేదు, మలేరియాకిచ్చే ఆర్టిసునేట్ సూది సకాలంలో పడితే చాలు. కోలుకున్నాక కూడా బిడ్డ చూపు ఆనకపోతే ఎక్కువసార్లు దెబ్బ తగిలింది మెదడుకే. వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.