ఈరోజు మా ల్యాబ్‌కు వచ్చిన పెద్దాయనకు, ఇంకా అందరికీ

వేళ్లకు అయొడిన్ మరక ఇంకా వదల్లేదు. పడుకుంటే పొద్దునకి సగం మర్చిపోతాను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

ఎనిమిదో తరగతి పిల్లలందరి చేతా ఈరోజు ఉల్లిపొర స్లైడు చేయించాం. నేను చేసి చూపించడం కాదు, ఎవరి స్లైడు వాళ్లే. ఇదంతా ఒక పెద్దాయన చలవ. మనవరాలిని తీసుకెళ్దామని వచ్చి, వరండాలో నేను మైక్రోస్కోపులతో కుస్తీ పడటం చూశారు. "లెన్సుకు బూజు పట్టిందమ్మా, ఇటివ్వండి" అన్నారు. కాలేజీలో ల్యాబ్ అటెండరుగా చేసి రిటైరయ్యారట. అద్దాన్ని కిటికీ వెలుగు వైపు తిప్పుతూ, "నేరుగా ఎండ పట్టొద్దు, కళ్లు పోతాయి" అని పిల్లలకు ముందు ఆ మాట చెప్పాకే పని మొదలుపెట్టారు.

ఉల్లిపొర మీద కప్పే పల్చటి గాజుపలక, కవర్‌స్లిప్, ఒక అంచు నీటిచుక్కకు ఆనించి, సూదితో మెల్లగా దించాలి. టప్పున వేస్తే గాలిబుడగలే. వెనక బెంచీ పిల్లాడొకడు నల్లటి అంచున్న గుండ్రాలు శ్రద్ధగా గీసి, కణాలని చూపించాడు. ఆయన నవ్వలేదు. "ఇవి బుడగలు నాన్నా, బొమ్మ మాత్రం బాగా గీశావు" అని పక్కన కూర్చుని మళ్లీ చేయించారు. ఈసారి ఇటుకలు పేర్చినట్టు కణాల వరసలు, వాటిలో అయొడిన్ రంగు పట్టిన పసుపు చుక్కలు, అంటే కేంద్రకాలు. "మరి ఆకుపచ్చవి ఏవి? పుస్తకంలో ఉన్నాయిగా" అన్నాడు వాడు. వెలుతురు చూడని గడ్డకు పత్రహరితంతో ఏం పనిరా అని ఆయన ఎదురడిగారు. నా పాఠం కంటే అదే బాగుంది.

అన్నీ సర్దేముందు, "మీరు చూశారా టీచరమ్మా?" అన్నారు. 1665, రాబర్ట్ హుక్, బెరడు ముక్కలో మొదటిసారి కణాలు చూడటం అని ఏళ్ల తరబడి నోట్సు చెబుతున్నాను. నన్ను తీరిగ్గా చూడమన్నవాళ్లు లేరు. స్టూలు లాగి కూర్చోబెట్టారు. కళ్లు నిండిపోయి ఐపీస్‌లో ఏమీ కనబడలేదు. కనబడిందనే చెప్పాను.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఈ మైక్రోస్కోపులు పాడైంది వాడి కాదు, వాడక. బీరువాకు తాళం, తాళం ఆఫీసులో, తీసుకోవాలంటే సంతకం, పగిలితే ఎవరు కట్టాలన్న భయం. తనిఖీ నాడు తుడిచి వరసగా పెట్టడం, మర్నాడు మళ్లీ లోపలికి. ప్రాక్టికల్ మార్కులు మాత్రం అందరికీ నిండుగా పడతాయి. సరే, ఇవాళ ఇది చాలు.

మా ఆయన, అత్తమ్మ ఇల్లు చూసుకున్నారు, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

పీరియడ్ వదులుకున్న లెక్కల మాస్టారికి థాంక్స్. పగిలిన గాజు ఏరిన ఆయమ్మకు కూడా, ఆమె సంగతి పైనే రాయాల్సింది. అయ్యో, డ్రాపర్లు ఇచ్చిన పక్క సెక్షన్ టీచరు! కడిగిన స్లైడ్లు గుడ్డ మీద ఆరబెట్టి వెళ్లిందెవరో నాకు తెలీదు, ఎవరైనా చెబితే వాళ్లనీ చేరుస్తాను.